అమ్మ ఫోటోలో కొంగు ముడి

డెబ్బైల్లో మన ఇళ్ళల్లో గోడకు ఒక్కటే ఫోటో ఉండేది, గుర్తుందట్రా? అద్దం మీద కుంకుమ బొట్టు, పటం వెనక పిచ్చుక గూడు. ఎమ్మిగనూరులో మా మగ్గం ఎదుటి గోడకు అమ్మ ఫోటో ఉండేది. నాన్న నేసిన చీర కట్టుకుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చున్న అమ్మ. నాకు ఊహ తెలియకముందే పోయింది. రోజూ ఆ కళ్ళకు చెప్పే బడికి వెళ్ళేవాణ్ణి.

మొన్న మా అమ్మాయి ఆ ఫోటోను గుడ్డ మీద అచ్చు వేయించి, చీర అంచును దారంతో కుడుతోంది. ఉన్నట్టుండి, "నాన్నా, అవ్వ కళ్ళు ఎవరో బ్రష్షుతో గీసినట్టున్నాయి" అంది.

ఆదోనిలో ఉన్న పెద్దమ్మకు ఫోన్ చేశాను.

"బతికుండంగా మీయమ్మ ఫోటో యాడ దిగిందిరా? పోయినాకనే కుర్చీలో కూసోబెట్టి తీయించినాము. కండ్లు స్టూడియో ఆయప్ప గీసినాడు."

"మరి నేను?"

"నువ్వు పాలకు ఏడుస్తాంటివి. ఒళ్ళో పెడితే ఏడుపు మానినావు. జారిపోకుండా కొంగుతో మీయమ్మకే కట్టినాము."

ఇన్నేళ్ళూ అమ్మే నన్ను పట్టుకుందనుకున్నాను. ఒరేయ్, ఆ ఫోటోలో నేను నవ్వుతున్నానురా!