నూతిలో దొరికిన కొత్త జాతి

టీ చల్లారేలోగా చెప్పేస్తాను, వినండి. కానీ మధ్యలో నన్ను 'డాక్టరుగారూ' అని పిలిచి ఏడిపించొద్దు. పోయిన ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, ప్రపంచంలో ఎవరికీ తెలియని కొత్త చేప జాతి ఒకటి నా చేతిలో ఉంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి లేదు. చేపలు చావలేదు, పారిపోలేదు, ఎవరూ పులుసు పెట్టుకోలేదు. బేసినులోనే హాయిగా ఈదుతున్నాయి. జాతి మాత్రం పోయింది.

నా ఉద్యోగం మీకు తెలిసిందే. కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్ని. ఏడాది పొడుగునా కప్పని ఎలా కోయాలో చూపించడమే పని. ఇలాగే రిటైరైపోతానేమో అన్న భయంతో వాల్తేరులో ఒక ప్రొఫెసరుగారి దగ్గర పార్ట్‌టైమ్‌గా రీసెర్చికి చేరాను. టాపిక్కు పెద్దదే. ఒకే రకం చేప నిలవనీటి చెరువులో ఒకలా, పారే గెడ్డలో ఒకలా ఎలా సర్దుకుంటుంది, అలా తరాల తరబడి సర్దుకుంటూ పోతే ఎప్పటికి వేరే జాతి అయిపోతుంది అన్నది. రెండేళ్ళు విజయనగరం చుట్టుపక్కల చెరువులన్నీ గాలించాను. ఎక్కడ చూసినా పరిగెలే. సంతలో తట్టల్లో పోసి అమ్ముతారే, ఆ చిన్న చిన్న తెల్ల చేపలు. ఏ చెరువులో పరిగె ఆ చెరువులో పరిగెలాగే ఉంది. సర్దుకోవడం నాకు తప్ప వాటికి అవసరం పడినట్టు లేదు.

అప్పుడు, పోయిన ఆషాఢంలో, గజపతినగరం అవతల ఒక ఊళ్ళో దాహమేసి అప్పలనాయుడు గారి నూతి దగ్గర ఆగాను. ఆయన వరి, చోళ్ళు పండించే రైతు. చాలా లోతైన నుయ్యి. లోపల రాళ్ళన్నీ నల్లగా పాచిపట్టి, మిట్టమధ్యాహ్నం కూడా అడుగున చీకటిగా ఉంటుంది. నాయుడుగారు చేదతో నీళ్ళు తోడి పోస్తుంటే, అందులో రెండు చేపలు వచ్చాయి. పరిగెల్లాగే ఉన్నాయి గానీ, పొయ్యి మీద గిన్నెకి పట్టిన మసి రంగు. ఒళ్ళు సన్నగా, కళ్ళు ఇంతింత.

చీకట్లో ఉండేదానికి నల్లరంగు రక్షణ, పెద్ద కళ్ళు అవసరం. పుస్తకంలో చదివిందంతా చేదలో ఈదుతోంది.

"నాయుడుగారూ, ఈ నూతిలోకి చెరువు నీళ్ళు ఎప్పుడైనా వస్తాయా?" అని అడిగాను.

"రావు బాబూ. ఇది మా తాత తవ్వించిన నుయ్యి. ఎంత వరదొచ్చినా బయటి నీరు సుక్క కలవదు. ఊట నీరే," అన్నాడాయన.

అంతే. మూడు తరాల నుంచి బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా, చీకట్లో, తమలో తాము పిల్లల్ని కంటూ వచ్చిన చేపలన్నమాట. కొత్త జాతి పుట్టడానికి అంతకన్నా ఏం కావాలి?

ఆ రోజు నుంచి తొమ్మిది నెలలు ప్రతి ఆదివారం అక్కడే. చేద తియ్యడం, చేపని అక్కడికక్కడే ఫార్మలిన్ సీసాలో వెయ్యడం, ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలవడం. పోల్చి చూడ్డానికి చెరువు చేపలు కావాలి కదా, అవి సంతలో కొనేవాణ్ణి. మా ఇంట్లో అలమారా నిండా సీసాలే. మా ఆవిడ పచ్చడి జాడీలు మంచం కిందకి చేరాయి. "ఎప్పుడైనా ఒక చేపని బతకనిచ్చి చూశారా?" అని ఒకసారి అడిగింది. సైన్సు గురించి నీకేం తెలుసు అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకోకపోతేనే మంచిది.

చివరికి ప్రొఫెసరుగారికి ఉత్తరం రాశాను. కొత్త జాతి దొరికిందని, దానికి తమరి పేరే పెట్టదలిచానని. అంతవరకు నా ఉత్తరాలకి మూడు నెలలకోసారి జవాబిచ్చే మనిషి, నాలుగో రోజుకే కార్డు రాశారు. ఆదివారం స్వయంగా వస్తున్నానని, చేపల్ని ప్రాణంతో చూపించమని.

నేను మొదటి బస్సుకే వెళ్ళిపోయాను. మా ఆవిడ పిండి కలుపుకునే తెల్ల ఎనామిల్ బేసిను కూడా పట్టుకెళ్ళాను. తెల్లటి బేసినులో నల్లటి చేప బ్రహ్మాండంగా కనిపిస్తుందని నా ఆలోచన. ఎనిమిదింటికి ఆరు చేపల్ని తీసి అందులో వేశాను. బొగ్గు ముక్కల్లా మెరిసిపోతున్నాయి. నూతి పక్కనే ఉన్న పశువుల సాల చూరు కింద పెట్టి, నాయుడుగారి తల్లి పైడమ్మగారికి అప్పజెప్పాను. డెబ్బై దాటిన మనిషి. అక్కడే కూచుని చింతపండు గింజలు తీస్తోంది.

"అమ్మా, ఇవి చాలా విలువైన చేపలు. కాకులు ఎత్తుకుపోకుండా చూడు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అన్నాను.

"ఈటినెవులు ముట్టుకుంటారు బాబూ. నువ్వెల్లు, నాను సూస్తాను," అంది.

ప్రొఫెసరుగారి కోసం రోడ్డు మీదకి వెళ్ళి కూచున్నాను. తొమ్మిదిన్నరకి రావలసిన బస్సు దార్లో టైరు పంచరై పన్నెండున్నరకి వచ్చింది. ఆయన కోటు మీద దుమ్ము దులుపుకుంటూ దిగారు. విసుగుతో ఉన్నారేమో అనుకున్నాను గానీ, చాలా హుషారుగా ఉన్నారు. మైలున్నర గట్ల మీద నడిచి వెళ్తూ, ఆ జాతి పేరు పలకడానికి ఎలా ఉంటుందో నాలుగు రకాలుగా అని చూసుకున్నారు. నేను పక్కనే నడుస్తూ, చీకటి, ఏకాంతం, తరాలు అని లెక్చరు ఇచ్చాను. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

సాల దగ్గరకి వచ్చాం. "చూడండి సార్," అని చెయ్యి చాపాను.

ఆయన బేసిను మీదకి వంగారు. చాలాసేపు వంగే ఉన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వంగారు.

"ఏమోయ్, ఇవి పరిగెలు కదూ?" అన్నారు.

నేనూ చూశాను. బేసినులో ఆరు చేపలు, వెండి రేకుల్లా తెల్లగా, సంతలో ఉండేవాటికి అచ్చు మేనత్త బిడ్డల్లా ఉన్నాయి.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికే నామోషీగా ఉంది. పైడమ్మగారి మీదకి తిరిగాను. "నా చేపల్ని ఎవరు మార్చేశారు? ఇవి చెరువు చేపలు. నిన్ను చూడమన్నాను కదా," అని గట్టిగానే అన్నాను. తొమ్మిది నెలల కష్టం, పీహెచ్‌డీ, ప్రొఫెసరుగారి ముందు పరువు, అన్నీ కలిసి నోట్లోంచి అలా వచ్చేశాయి.

ఆవిడ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. "నానేటి దొంగనా బాబూ? పొద్దుట్నుంచి కాకిని వాలనియ్యలేదు. లెగిసి అంబలి కూడా తాగలేదు," అంది.

నాయుడుగారి మొహం మాడిపోయింది. "మాస్టారూ, మాయమ్మని అంత మాట అనకండి," అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ప్రొఫెసరుగారు మాత్రం చాలా నెమ్మదిగా అన్నారు, "నాయుడుగారూ, ఇంకో రెండు చేపల్ని తీయించండి."

తీశారు. నల్లగా, నా చేపలే. నాకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా సార్," అన్నాను. నాయుడుగారు వాటిని ఇంకో పాత్రలో వెయ్యబోతుంటే ప్రొఫెసరుగారు ఆపి, అదే తెల్ల బేసినులో వెయ్యమన్నారు. తర్వాత చూరు కింద నులక మంచం మీద కూచున్నారు. నాయుడుగారు చోడి అంబలి, ఉల్లిపాయ తెచ్చిపెడితే తాగారు. ఈ ఏడు వానల గురించి మాట్లాడారు. పొందూరు పంచె ఎక్కడ కొన్నారని నాయుడుగారిని అడిగారు. నేను మాత్రం బేసిను ముందు గొంతుక్కూచుని చూస్తున్నాను.

మొదట తోకలు పాలిపోయాయి. ఆ తర్వాత పొట్టలు. వీపు మీద మసి మెల్లిమెల్లిగా విడిపోయింది. నా కళ్ళ ముందే, ఎవరూ ముట్టుకోకుండానే, నా కొత్త జాతి తెల్లబడిపోయింది. వెనక ప్రొఫెసరుగారు ఉల్లిపాయ కొరుకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"చుట్టూ నల్లగా ఉంటే నల్లబడుతుంది, తెల్లగా ఉంటే తెల్లబడుతుంది. చాలా చేపలు చేసే పనే," అన్నారాయన. "నువ్వు తీసినవాటిని తీసినట్టే ఫార్మలిన్‌లో వేసేశావు. అవి రంగు మార్చుకోవడానికి టైము ఏదీ?"

"కానీ కళ్ళు సార్? కళ్ళు పెద్దవి కదా," అన్నాను.

"కళ్ళు మామూలువేనోయ్. ఒళ్ళు చిక్కిపోయింది. ఆ నూతిలో తిండి ఏముంది? ఎవరైనా చిక్కిపోతే కళ్ళు పెద్దవిగా కనపడతాయి. నీ పెళ్ళి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన పెట్టి చూసుకో."

ఇక నాకు మిగిలింది ఒక్కటే. "అయినా సార్, ఐసొలేషన్ ఉంది. మూడు తరాలుగా బయటి చేప కలవలేదు," అన్నాను. నీళ్ళలో పడ్డవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు నూతి గట్టు పట్టుకుని మరీ అన్నాను.

పైడమ్మగారు అంతవరకూ చింతపండు పని చేసుకుంటోంది. అప్పుడు తలెత్తింది.

"మూడు తరాలేటి బాబూ? ఏటా ఎండల్లో నుయ్యి అడుగంటితే పూడిక తీయిస్తాం. మళ్ళీ ఊట దిగేక సెరువు కాడికెల్లి బిందెడు పరిగెలు తెచ్చి నానే ఏస్తాను. నీట్లో పురుగుల్ని తింటాయని. ఇవన్నీ పోయిన ఎండల్లో ఏసినవే."

నేను నాయుడుగారి వైపు చూశాను. "బయటిది ఏదీ కలవదన్నారు కదండీ?"

"మీరు నీళ్ళ సంగతి అడిగారు బాబూ. సేపల సంగతి అడగలేదు," అన్నాడాయన, నిజంగా బాధపడుతూ.

ప్రొఫెసరుగారు ఒక్క నిమిషం ఆకాశంకేసి చూశారు. ఆయన పేరు మీద వెలసిన జాతి గురించి యూనివర్సిటీలో ఎంతమందికి చెప్పి వచ్చారో నాకు తెలియదు. తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మంచం నులక కిర్రుకిర్రుమనేలా నవ్వారు. నాయుడుగారు కూడా తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వు తగ్గాక ప్రొఫెసరుగారు నాతో అన్నారు, "జాతి సంగతి వదిలెయ్. ఈ రంగు ఎంతసేపట్లో మారుతోందో, ఎంత లోతులో ఉన్న చేప ఎంత నల్లబడుతోందో రాయి. అదీ సర్దుకోవడమే. నీ థీసిస్ బతుకుతుంది. కానీ ముందు ఆవిడకి క్షమాపణ చెప్పు."

నేను వెళ్ళి పైడమ్మగారి ముందు కూచున్నాను. "తప్పైపోయింది అమ్మా. నిన్ను అనవసరంగా అన్నాను. చేపలు మారిపోయాయని నాకు తెలియలేదు," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. బేసినులోకి ఒకసారి చూసింది. కోపం పోయినట్టే ఉంది గానీ, బాకీ మాత్రం తీర్చుకోవాలనుకుంది.

"ఆ సేపలకి పూట తిరక్కుండా తెలిసిపోనాది బాబూ, అవెక్కడున్నాయో. నీకు తొమ్మిది నెలలు పట్టినాది," అంది.

ప్రొఫెసరుగారు వెంటనే కోటు జేబులోంచి నోట్‌బుక్కు తీసి, పైడమ్మగారి పేరు అడిగి, ఆ మాట రాసుకున్నారు. నా రీసెర్చిలో ఇంతవరకు ఆయన నోట్ చేసుకున్న ఒకే ఒక్క వాక్యం అది.