ఎడమ సీటు బరువు

1955 మే నెల. కర్నూలు అప్పుడు రాజధాని. డేరాల్లో ఆఫీసులు నడుస్తున్న ఊరికి మోటారు బండ్లు ఎక్కువై, మా వర్క్‌షాపులో తీరిక లేకుండా పోయింది. మా ఆయన పోయి నాలుగేళ్లయింది. పానా పట్టేది మస్తాన్ మేస్త్రీ, కొలతలూ లెక్కలూ చూసేది నేను. ఆ ఎండలకు మధ్యాహ్నం దాటితే మనిషిలో పస ఉండేది కాదు.

అప్పుడొచ్చారు కోయిలకుంట్ల నుంచి ఓబులరెడ్డి గారు, రిటైరైన పశువుల డాక్టరు. యుద్ధానికి ముందు విలాయతు నుంచి దిగిన చిన్న కారు ఆయనది. అంతకుముందు చలికాలంలో పక్షవాతం తగిలి ఎడమ చెయ్యి పట్టు తప్పింది. గేరు వేయాల్సింది ఆ చేత్తోనే. బండి అమ్మేయమని భార్య సుంకమ్మ గారు పట్టుబట్టారు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. నెలాఖరున క్లబ్బు పెట్టే మోటారు జింఖానాలో ఒక్క డబ్బాకూ తగలకుండా, ఒకరి సాయం లేకుండా నడిపితే తాళం చెవి ఆయనది. లేకపోతే ఆమెది.

జింఖానా అంటే వేగంగా దూసుకుపోయే పందెం కాదు. మైదానంలో సున్నం పూసిన కిరసనాయిలు డబ్బాలు పెడతారు. ఒక్కొక్క బండీ విడిగా వాటి మధ్య మెలికలు తిరిగి రావాలి. ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచీలో చూస్తారు.

"గెలవాలని కాదమ్మా," అన్నారాయన. "ఎద్దుకు బాగలేదంటే పల్లెల్లో ఇంగా నన్నే పిలుస్తాండారు. తాళం చెవి పోతే నేనూ అరుగు మీది కుర్చీ ఒకటే."

ఆ చేత్తో మాటిమాటికీ గేరు మార్చలేరు. అందుకని మొత్తం సెకండ్ గేరులోనే తిరిగి రావాలనుకున్నాం. నెమ్మదిగా పోయినా ఇంజను గింజుకోకుండా టైమింగ్, అంటే పెట్రోలు అంటుకునే సమయం, కొద్దిగా వెనక్కి జరిపాం. స్టీరింగు తేలిగ్గా తిరగాలని ముందు టైర్లకు గాలి ఎక్కువ పెట్టాం. స్టెప్నీ, వెనక సీటు, పనిముట్ల పెట్టె తీసేశాం. చక్రాల మీద బండిని మోసే కమాన్లు కుంగిపోతే, వాటిని కొలిమిలో పెట్టి మళ్లీ వంపు తెప్పించాం. ఒకటి సరిచేస్తే ఇంకొకటి బయటపడేది. డాక్టరు గారు భార్యతో ఊళ్లో చుట్టాలింట్లో దిగి, రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవారు. ఆయన ఆశను చూస్తూ పని చేయడం పనికంటే ఎక్కువ అలసట.

ఇంత చేసినా మలుపులో బండి కుడికి ఒరిగేది. శనక్కాయల మిల్లుకు తోలుకుపోయి ఒక్కో చక్రాన్నీ కాటా మీద పెట్టించాను. ఆయన కూర్చుంటే కుడివైపు తొంభై పౌండ్లు ఎక్కువ. ఎడమ సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చని జింఖానా నిబంధన. మాట్లాడవచ్చు, చెయ్యి మాత్రం వేయకూడదు. ఆయన కోసం అక్కడికి వచ్చిన సుంకమ్మ గారిని, కొంచెం ఎక్కి కూర్చోమని అడిగాను.

"నన్ను శనక్కాయల మూట అనుకుంటివేమ్మా?" అన్నారు. అయినా ఎక్కారు. తేడా ఆరు పౌండ్లకు దిగింది. పందెం రోజు కూడా వస్తారా అంటే, "వస్తాలే. ఈయప్ప డబ్బాను గుద్దేది దగ్గరుండి సూస్తా," అన్నారు.

పందెం నాటి ఉదయం క్లబ్బు వాళ్లు కొత్తగా ఒక మాట చెప్పారు. చివర్లో నాలుగు కర్రల మధ్యకు బండిని వెనక్కి నడిపి నిలపాలట. వెనక్కి అంటే రివర్స్ గేరు. ఆ బండిలో గేరు లివరును పైకెత్తి వెనక్కి లాగితే గాని అది పడదు. మార్చడానికి వేళ లేదు.

డబ్బాల మధ్య ఆయన చక్కగా నడిపారు. ఒక్కటీ తగల్లేదు. కర్రల ముందు బండి ఆగింది. ఎడమ చెయ్యి లివరు మీద పడింది గాని లేవలేదు. రెండోసారీ లేవలేదు. అంతదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకుని కూర్చున్న సుంకమ్మ గారు కొంగు వదిలేసి, ఆయన చేతి మీద తన చెయ్యి వేశారు.

"క్లచ్చు తొక్కు," అన్నారు.

లివరు లేచింది. బండి వెనక్కి నడిచి కర్రల మధ్య సరిగ్గా నిలిచింది. అంపైరు జెండా ఊపి బండిని పందెంలోంచి తీసేశారు.

డాక్టరు గారు దిగి, తాళం చెవి ఆమె ముందు పట్టుకున్నారు.

"నాకేం పని దాంతో?" అన్నారామె. "తిప్పేది నువ్వు తిప్పు, గేరు నేనేస్తా. ఇంటికి పోదాం పా, శానా ఎండగా ఉండాది."

మర్నాడు స్టెప్నీ, సీటు, పెట్టె మళ్లీ బిగించాం. సుంకమ్మ గారు అడిగితే లివరును కాల్చి రెండంగుళాలు ఎడమకు వంచాం. ఆ పనికి గంట కూడా పట్టలేదు. మూడు వారాల చాకిరీలో ఆ ఆలోచన నాకు రాలేదు. ఆమెను తూకానికి లెక్కవేశాను. ఆమె కుడి చెయ్యి సరిగ్గా లివరు పక్కనే ఉందన్నది నా లెక్కలోకి రాలేదు. ఆ తరువాత ఏ బండి వచ్చినా, నడిపేది ఎవరో అడిగాక, పక్కన కూర్చునేది ఎవరని కూడా అడిగేదాన్ని.