వీరమ్మకు కనిపించిన పత్తిచేను

1949 ఎండాకాలం. మానుకోట దవాఖానలో అప్పటికి నేను కొత్త నర్సును. మహబూబాబాదును మేమంతా మానుకోట అనేవాళ్లం. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తోంది. ఊళ్లలో పోలీసు క్యాంపులు, అడవిలో కమ్యూనిస్టు దళాలు. మా వరండాలో కూడా ఎప్పుడూ ఒక జవాను కూర్చుని ఉండేవాడు.

మరిపెడ వైపు నుంచి వీరమ్మను ఆమె అత్త బండిలో తీసుకొచ్చింది. ఏడో నెల. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లగా కమిలి పొలుసులుగా రాలుతోంది. నాలుక ఎర్రగా పుండులా ఉంది. కళ్లు మాత్రం ఎక్కడో దూరాన, హాయిగా ఉన్నాయి.

"గాలి సోకింది బిడ్డా. కురవి గుడికి తోల్కపోదామనుకున్న. విరేచనాలు ఆగుతలేవని గిటు తెచ్చిన," అంది అత్త.

డాక్టరుగారు చేతులు చూసి పెల్లాగ్రా అన్నారు. బి-3 విటమిన్ చాలక వచ్చే జబ్బు. చర్మాన్నీ పేగుల్నీ పట్టి, చివరికి మనసునూ పట్టుకుంటుంది. వరంగల్లు నుంచి మాత్రలు తెప్పించారు. పాలు, గుడ్లు, పల్లీలు పెట్టమన్నారు.

ఆ మధ్యాహ్నాలు నాకిప్పటికీ కలలాగే ఉంటాయి. కిటికీలోంచి ఎండ పడి తెల్ల దుప్పట్లు వెలిగిపోయేవి. "అక్కా, పత్తి పగిలింది. ఏరుదాం రా," అనేది వీరమ్మ. పక్కన కూర్చుని, లేని పత్తిని నేనూ ఏరేదాన్ని. అలా ఏరుతూ ఏరుతూ ఒకరోజు, అడవిలో ఉన్న తన భర్త ఏ వాగు దగ్గర దాక్కున్నాడో చెప్పేసింది. వరండా వైపు చూశాను. జవాను గేటు దగ్గర బీడీ ముట్టించుకుంటున్నాడు. వడగాలి తగులుతోందని సాకు చెప్పి, ఆ పూటే ఆమె మంచాన్ని లోపలి గదికి మార్పించాను.

కొన్నాళ్లకు పొలుసుల కింద కొత్త చర్మం వచ్చింది. పత్తిచేను కనపడటం మానేసింది. ఒక ఉదయం వీరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నాకు సోయి లేనప్పుడు ఏమన్న చెప్పిన్నా అక్కా?"

"చెప్పినవ్. నేనొక్కదాన్నే విన్న."

ఆమె చాలాసేపు ఏడ్చింది. సద్దుమణిగాక అడిగాను, "ఇంట్ల ఏం తినేదానివి వీరమ్మా?"

"జొన్నరవ్వ ఉడకబెట్టిన గటుకే. పప్పు, గుడ్లు దొరికితే అడివికి పంపేదాన్ని. ఆకలితోని తిరుగుతున్నరు గద."

నెలలు నిండాక ఆడపిల్ల పుట్టింది. పిట్టంత ఉన్నా గట్టిగా ఏడ్చింది. పోరాటం ముగిశాక వీరమ్మ భర్త ప్రాణాలతో తిరిగొచ్చాడని అత్త చెప్పింది.

ఏళ్ల తర్వాత ఒక శిక్షణ తరగతిలో ట్రిప్టోఫాన్ గురించి విన్నాను. మాంసకృత్తుల్లో ఉండే పదార్థం అది. ప్లాసెంటా, అంటే మాయ, దాన్ని తల్లి రక్తంలోంచి తీసుకుని బిడ్డకు అందిస్తుంది. తల్లి ఒళ్లు బి-3 తయారుచేసుకునేది కూడా దానితోనే. ఉత్త జొన్నగటుకతో దొరికేది ఇద్దరికీ చాలదు.

ఆ తర్వాత ఏ గర్భిణి వచ్చినా ఏం తింటున్నావని మాత్రమే అడిగి ఊరుకోలేదు. నీ వంతు ఎవరికి పెడుతున్నావని కూడా అడిగాను. చాలామంది తలదించుకుని నవ్వేవారు.