రెండు గంటల రీడింగులు

ఉదయం 4.10కి డొంకరాయిలో బయలుదేరితే 9.40కి అరకు స్టేషను చేరేవాణ్ణి. బైకు మీటరు ప్రకారం 178 కిలోమీటర్లు. విడాకుల కేసు నడుస్తుండగా కుటుంబ న్యాయస్థానం నా కూతురితో నాకిచ్చిన వ్యవధి రెండు గంటలు: రెండో, నాలుగో శనివారాల్లో 10 నుంచి 12 వరకు, ప్లాట్‌ఫారం చివరి బెంచీ మీద. పన్నెండు మీటర్ల దూరంలో దాని మేనమామ కూర్చునేవాడు. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

పిల్ల ఏ మాట అన్నా తేదీ వేసి రాసిపెట్టమని మా వకీలు చెప్పాడు. డొంకరాయి విద్యుత్ కేంద్రంలో గంటగంటకూ రీడింగులు రాసేవాణ్ణి కనుక ఆ పని నాకు సహజంగానే తోచింది. కొత్త చెప్పులు ఈ వారమే ఎందుకు కొన్నారు? ‘నేను బాగానే ఉన్నాను’ అనే వాక్యం ఎవరు నేర్పారు? అన్నీ అనుమానించాను, అన్నీ రాశాను.

“ఏటి బావా, గుంటతో మాటాడతన్నావా, కరెంటు మీటరు సూత్తన్నావా?” అనేవాడు మేనమామ. నా దృష్టి మళ్లించడానికే అంటున్నాడని అదీ రాసుకున్నాను.

పంతొమ్మిదో కలయికలో, 10.25కి, పిల్ల నా చెవి దగ్గరికి వచ్చింది.

“నాన్నా, బొర్రా గుహలు సూద్దాం. అమ్మ వద్దంటాది. అమ్మకి సెప్పకేం.”

పది రోజుల్లో వచ్చిన వాయిదాకు, తల్లి అడ్డుపడుతోందనడానికి రుజువుగా, ఆ పేజీ మా పిటిషనుకు జతయింది. తల్లి సమక్షంలోనే దాన్ని చదివారు. తర్వాత జడ్జిగారు పిల్లను తన గదిలోకి పిలిపించి, ఈ మాట అన్నావా అని మెత్తగానే అడిగారట. బయటికి వచ్చాక అది తల్లినీ చూడలేదు, నన్నూ చూడలేదు. నా జేబులోని పెన్ను చూసింది.

తర్వాతి శనివారం బెంచీ మీద కూర్చోగానే అడిగింది.

“పుస్తకం తెచ్చావా నాన్నా? ఈయేల ఏటి సెప్పమంటావు?”

ఇది తల్లి నేర్పిన మాటే అనుకున్నాను. 10.07 అని వేసి రాశాను. ఆపైన దేనికైనా “తెలీదు” అనే జవాబు.

ఇప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. అన్నం తిన్నావా అని ఫోనులో అడిగితే, “ఎందుకడుగుతున్నావు?” అంటుంది. హాస్టల్లో తోటి పిల్లలతోనూ అంతేనని మేనమామ చెప్పాడు. ఈసారి నేను అతన్ని అనుమానించలేదు.

కేసు తేలేసరికి కలయికలు 31. గంటలు 62. ప్రయాణం 11,036 కిలోమీటర్లు. రాసిన పేజీలు 94. చివరి పదకొండు కలయికల్లో “తెలీదు” కాక విన్న మాటలు, సున్నా. బొర్రా గుహలు చూడలేదు.