ముద్ర కింది మాట

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. లైబ్రరీకి వచ్చేవాళ్లెవరికీ దానితో పని పడలేదు. అందరికీ ఆవిడ 'ఎవరన్నారు మేడమ్'. ఈ నది ఒకప్పుడు ఊరికి అవతలి వైపు పారేదట అని ఒకరొస్తారు, ఫలానా రాజుకి కన్ను కనపడదట అని ఇంకొకరొస్తారు. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదకి జార్చుకుని మొదట అడిగేది ఒకటే, "ఎవరన్నారు?" అని. గదమాయించి కాదు. మాట పుట్టిన చోటికి వెళ్లకుండా ఆ మాట మంచీచెడూ తేలదని ఆవిడ నమ్మకం. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమనే లోకంలో అలాంటి మనిషి ఒకరుండడం మంచిదే. కాకపోతే ఇంట్లో కూడా అలాగే ఉంటే కట్టుకున్నవాడికి కొంచెం కష్టం.

కట్టుకున్నాయన దర్జీ. ముందుగదిలో వీధి కిటికీ పక్కన ఆయన కుట్టుమిషను. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆ సూదులు పళ్ల మధ్య పెట్టుకునే కబుర్లు చెప్పేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో, "మా ఇంట్లో వాన పడుతోందన్నా ఆధారం చూపించాలండీ" అని నవ్వేవాడు. అది ఉత్త హాస్యం కూడా కాదు. చినుకులు మొదలవగానే కిటికీలోంచి చెయ్యి చాపి, తడిసిన అరచెయ్యి తీసుకెళ్లి వంటింట్లో ఉన్న ఆవిడ ముందు పెట్టేవాడు. ఆవిడ ఆ చెయ్యి కొంగుతో తుడిచి, "సరే, ఒప్పుకున్నా. వెళ్లి బట్టలు తియ్యండి" అనేది. పెళ్లయిన కొత్తలో మొదలైన ఆ ఆట ముసలితనం దాకా సాగింది.

ఇంటర్నెట్ వచ్చినప్పుడు ఇక ఆవిడ కుర్చీ ఖాళీ అవుతుందనుకున్నారు అంతా. అడిగితే ఫోనే చెప్తుంటే లైబ్రరీ దేనికన్నారు. ఆవిడ మాత్రం లైబ్రరీకి వచ్చిన కంప్యూటరు ముందు కూర్చుని, పట్టుదలగా దాన్ని నేర్చుకుంది. నేర్చుకున్నాక శనివారాలు చదువుగదిలో క్లాసు పెట్టింది. తెర మీద కనిపించే మాటని ఎలా విచారించాలో చెప్పేది. రాసిందెవరు, ఎప్పుడు రాశారు, ఎక్కడినుంచి తెచ్చారు, పనిలో పనిగా మనకేమైనా అమ్ముతున్నారా అని చూసుకోమనేది. "ఆధారం చూపించనివాడి మాట చెవిన పెట్టకండి" అనేది క్లాసు చివర ప్రతిసారీ. వచ్చేవాళ్లు పెద్దగా ఉండేవాళ్లు కాదు. ఫ్యాను కింద కునుకు తీసేవాళ్లు కొందరు, నిజంగా రాసుకునేవాళ్లు కొందరు. రాసుకునేవాళ్లలో ఒక గొడుగాయన ఉండేవాడు. ఎండలోనూ వానలోనూ చేతిలో గొడుగు, మాట మాటకీ నమస్కారం. ఆయనంటే ఆవిడకి గౌరవం.

ఒకరోజు తలుపులు మూసే వేళకి ఆ గొడుగాయన వచ్చి పాత వైద్య పత్రిక ఒకటి కావాలన్నాడు. వెనకగదిలో బైండు చేసి పెట్టిన సంపుటాల్లో వెతికి తెచ్చింది. అందులో ఏదో చెట్టు బెరడు పొడి గురించి ఒక డాక్టరు రాసిన వ్యాసం ఉంది. చక్కెర జబ్బున్నవాళ్లకి ఇస్తే చక్కెర దిగిందని ఆ పేజీలో ఉంది. ఆయన వేలుపెట్టి చూపించి, ఈ పేజీ ఒక్కటి చాలన్నాడు. జిరాక్స్ మిషను వేడెక్కి వాసనొస్తోంది, కాపలా అతను తాళాలు ఆడిస్తున్నాడు. ఆవిడ ఆ ఒక్క పేజీ తీసి, అలవాటు ప్రకారం అంచున పత్రిక పేరు, సంవత్సరం, పేజీ తన చేత్తో రాసింది. కుడివైపు కింది మూల లైబ్రరీ ముద్ర వేసింది. ముద్ర ఎప్పుడూ అక్కడే. పైన వేస్తే చింపేసుకుంటారని ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దాయన ఒకరు నేర్పిన పద్ధతి. ఇన్నేళ్లలో చెయ్యి చూడకుండానే అక్కడికి వెళ్లేది.

దర్జీకి అప్పటికే చక్కెర జబ్బు ముదిరి, రోజూ ఇంజెక్షను పొడుచుకోవాల్సి వచ్చేది. బతుకంతా సూదులతో గడిపిన మనిషికి ఆ ఒక్క సూదంటే భయం. పరీక్ష కోసం వేలికొసలు పొడిచి పొడిచి, గుడ్డ పట్టుకుంటే నొప్పనేవాడు. అరవై రకాల వైద్యాలు ఫోనులో వచ్చేవి ఆయనకి. మొదట్లో ఒక్కొక్కటీ తెచ్చి ఆవిడకి చూపించేవాడు. ఆవిడ అడిగేది, ఎవరన్నారని. ఫోనులో వచ్చిందనేవాడు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అని ఆవిడ నవ్వేది. ఆయనా నవ్వేవాడు, కానీ ప్రతిసారీ కొంచెం తగ్గించి నవ్వేవాడు. ఆ తేడా ఆవిడ కనిపెట్టలేదు. కనిపెట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

కొన్నాళ్లకి ఆయన ఏదీ తెచ్చి చూపించడం మానేశాడు. ఆవిడ మాటలు ఇన్నాళ్లకి తలకెక్కాయని సంతోషించింది. ఆయన హుషారుగా కూడా ఉండేవాడు. వేళ్ల నొప్పి తగ్గిందనేవాడు. ఇంజెక్షను వేసుకున్నారా అంటే తల ఊపేవాడు. ఆ ఒక్క మాటకి ఆవిడ ఆధారం అడగలేదు.

ఆ తర్వాత కాలికి చెప్పు కరిచిన చోట పుండు లేచింది. అది మానలేదు, పైకి పాకింది. రెండు వీధుల అవతల ఉండే కూతురు ఆటో తెచ్చి ఆసుపత్రిలో చేర్పించింది. డాక్టరు పరీక్షలు చూసి, ఈయన మందు మానేసి నెలలయిందన్నాడు. పుండు విషం రక్తంలోకి ఎక్కిందన్నాడు. కూతురు ఇంటికి పరుగెత్తి వెతికితే, మిషను కింద గుడ్డపీలికల సంచిలో పొడి డబ్బాలు దొరికాయి. సగం ఖాళీ. ఇంజెక్షను సీసాలు ఫ్రిజ్‌లో మూత తియ్యకుండా ఉన్నాయి.

కూతురు ఒక డబ్బా తెచ్చి ఆయన మంచం మీద పెట్టేసరికి ఆవిడకి ఒళ్లు మండింది. భయం కోపంలా వచ్చింది. ఊరందరికీ చెప్పే తన ఇంట్లోనే ఇదా అనిపించింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయిందనుకుని, పక్క మంచాలవాళ్లు వింటున్నారన్నది కూడా మర్చిపోయి, గట్టిగా అడిగేసింది.

"ఎవరన్నారు? ఇది తినమని మీకెవరన్నారు?"

ఆయన కళ్లెత్తి చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"నువ్వే," అన్నాడు.

జ్వరంలో అంటున్నాడనుకుంది. ఆయన కూతురి చేత తన ఫోను తీయించి, ఒక వీడియో పెట్టించాడు. దర్జీల గ్రూపులో వచ్చిందట. అందులో గొడుగాయన. గొడుగు లేదు, ముందు అమ్మకానికి పేర్చిన పొడి డబ్బాలున్నాయి, నమస్కారం మాత్రం అలాగే ఉంది. 'ఇది నా మాట కాదండీ. ఆధారం లేని మాట నేను చెప్పను. లైబ్రరీలో ఉన్న కాగితం ఇది, ముద్ర చూడండి' అని పేజీ తెర నిండా చూపిస్తున్నాడు. అంచున పత్రిక పేరు, సంవత్సరం. ఆవిడ రాత.

"నీ రాత నేను గుర్తుపట్టనా?" అన్నాడు ఆయన. మాటకీ మాటకీ మధ్య ఆగుతూ చెప్పాడు. "నువ్వు సరిచూసిందేగా, ఇంక నిన్ను అడిగేదేముందనుకున్నా. చక్కెర పూర్తిగా దిగాక రిపోర్టూ ఆ కాగితమూ కలిపి నీ ముందు పెడదామనుకున్నా. ఒక్కసారైనా ఆధారంతో వచ్చానంటావని."

ఆవిడ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. ఊదా ముద్ర కింద ఏవో అచ్చక్షరాలు మసకగా ఉన్నాయి. ఇంకా ఉంది, అని.

ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి సంపుటం తీసింది. ఆకు తిప్పింది. అదే వ్యాసం, అదే డాక్టరు. చక్కెర దిగింది కొద్ది వారాలేనని, తర్వాత మునుపటికన్నా పెరిగిందని, కొందరికి కిడ్నీలు దెబ్బతినడంతో ప్రయోగం ఆపేశామని రాశాడు. దీన్ని నమ్మి మందు మానవద్దని ఆఖరి వాక్యం. పాతికేళ్ల చాకిరీలో ఎందరికో ఎన్నో వెతికిచ్చిన మనిషి, తన మొగుడికి కావలసిన పేజీ తిప్పి ఇవ్వలేకపోయింది. ఆ వెనకగదిలో బీరువాకి తల ఆనించి ఏడ్చింది. గొడుగాయన్ని తిట్టుకుంది. ఆయన ఆ రెండో పేజీ చదివే మొదటిది అడిగాడని ఆవిడకి అర్థమైంది. అయినా ఏడుపు ఆయన మీద కోపంతో వచ్చింది కాదు.

తిరిగి వచ్చేసరికి ఆయన మెలకువగా ఉన్నాడు. కాగితం సరైనదేనా అని అడిగాడు. ఎక్కడికి వెళ్లిందో కనిపెట్టినట్టే ఉన్నాడు. ఆవిడ అబద్ధం ఆడగలిగేది. ఆడితే ఆయనకి తెలిసిపోయేది కూడా. మంచం పక్కన కూర్చుని, పొడుపులతో గట్టిపడిన ఆ వేలికొసల్ని చేతిలోకి తీసుకుంది.

"సగమేనండి. తర్వాతి పేజీ ఉంది. అక్కడ ఇంకా ఉందని రాసి ఉంటే దాని మీద నేనే ముద్ర కొట్టాను. తప్పు మీది కాదు."

ఆయన మూతి ఒక పక్కకి వంచి, "ఎవరన్నారు?" అన్నాడు.

"నేనే అంటున్నా," అంది ఆవిడ.

"అయితే సరే."

ఆయన ఆ వారం దాటలేదు. డాక్టర్లు కాలు తీసేద్దామనుకున్నారు గానీ, ఆయన అంతదాకా ఆగలేదు.

పది రోజుల తర్వాత ఆవిడ కూతురి చేత వీడియో తీయించింది. రెండు పేజీలూ చూపించి, ఏ పేజీలో ఏముందో నిదానంగా చదివి వినిపించింది. కూతురు దాన్ని తనకి తెలిసిన గ్రూపులన్నిటిలో పెట్టింది. బంధువులు చూసి, పాపం అన్నారు. ముందుకి పంపినవాళ్లు తక్కువ. మందు అక్కర్లేదన్న కబురుకి ఉన్న కాళ్లు, మందు మానొద్దన్న కబురుకి లేవు. గొడుగాయన ఫోను ఎత్తలేదు. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చారు, వాళ్లు తీసుకున్నారు. ఆ వీడియో ఒక చోట తీసేస్తే ఇంకో చోట తేలేది.

ఆవిడ మళ్లీ పనిలో చేరింది. శనివారం క్లాసు మాత్రం పెట్టలేదు. ఎవరేం చెప్పినా మునుపట్లా ప్రశ్న వెయ్యడం లేదని పాత చదువరులు గమనించి, మేడమ్ డీలా పడిపోయిందనుకున్నారు. ఎవరు ఒక పేజీ అడిగినా వెనకదీ ముందుదీ కలిపి తీసిచ్చేది. అక్కర్లేదన్నా ఇచ్చేది. మేడమ్‌కి చాదస్తం పట్టిందని కొందరు గొణిగేవాళ్లు.

వానాకాలం మొదట్లో ఒకావిడ తడిసిన చీరతో లోపలికి వచ్చింది. కొంగులో చుట్టుకున్న ఫోను తీసి బల్ల మీద పెట్టింది. అదే పేజీ. "మా అన్నయ్య ఇది మొదలుపెడతానంటున్నాడండీ. కింద మీ లైబ్రరీ ముద్ర ఉందని కనుక్కుందామని వచ్చాను. నిజమేనా ఇది?"

ఆవిడ తన రాత వంక చూసింది. వెనకగదిలోకి వెళ్లి సంపుటం తెచ్చి, ఆకు తిప్పి, ఆ వచ్చినావిడ ముందు పెట్టింది. ఆమె పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. చదివి, ఫోనుని చూసి, పుస్తకాన్ని చూసి, ఏది నమ్మాలో తేల్చుకోలేక తలెత్తింది.

"ఆయనా ఆధారం చూపిస్తున్నాడు, మీరూ చూపిస్తున్నారు. ఇదే నిజమని ఎలాగండీ?"

వేరే రోజయితే ఎన్నో చెప్పేది. రాసింది ఒకే డాక్టరని, సగం చదివితే వచ్చే చిక్కని, అమ్మేవాడి లాభమని. అవన్నీ నోటిదాకా వచ్చాయి.

"మావారు తిన్నారమ్మా," అంది.

బయట వాన పెద్దదైంది. వచ్చినావిడ ఫోనుని బల్ల మీద బోర్లించింది. మేడమ్ లేచి రెండు పేజీలూ జిరాక్స్ తీసి, అంచున పత్రిక పేరూ సంవత్సరమూ రాసింది. ముద్ర కాగితం వెనకవైపు వేసి, ఆరేదాకా ఊది, ఆమె చేతికిచ్చింది.