మునిరత్నం అడిగిన రెండో ప్రశ్న

1979. చిత్తూరు కోర్టులో మగ ప్లీడర్ల మధ్య నేను నిలదొక్కుకుని అప్పటికి చాలా ఏళ్లయింది. నా నోటికి జడిసి ఎదుటి పార్టీ వాళ్లు రాజీకి వస్తారని నా వెనక చెప్పుకునేవారు. నా ముందు చెప్పినా నేనేమీ అనుకునేదాన్ని కాదు, అది నిజమే కాబట్టి. అలాంటి నాకు నోరెత్తడానికి వీల్లేని కేసొకటి వచ్చింది.

తెచ్చింది పలమనేరు దగ్గరి పల్లె నుంచి రాజమ్మ. ఆమె భర్త మునిరత్నం సైన్యంలో హవల్దారు. కర్ణాటకలో ఒక రేషన్ డిపోలో పని. అక్కడి నుంచి సరిహద్దు కొండల మీది జవాన్లకు పోయే గోధుమపిండిలో పురుగులు చూశాడు. పైవాళ్లకు చెప్పాడు, మళ్లీ చెప్పాడు. నీ పని మూటలు ఎత్తించడమే అన్నారట. సెలవుకు వచ్చినప్పుడు పలమనేరులో ఏదో ప్రారంభోత్సవానికి ఎంపీ వస్తే, జనంలోంచి ముందుకు పోయి ఆయనతో చెప్పేశాడు. ఎంపీ ఢిల్లీలో అడిగాడు. పిండి మారింది. డిపోవాళ్లు మాత్రం తమను దాటి బయట చెప్పాడని మునిరత్నం మీద కేసు పెట్టారు. రుజువైతే చొక్కా చేతి మీది హవల్దారు చారలూ పోతాయి, ఉద్యోగమూ పోతుంది, మరో ఏడాదిలో రావలసిన పెన్షనూ పోతుంది.

“మా ఆయన దొంగతనం జేసినాడా లాయరమ్మా? పురుగులు పడిన పిండిని పురుగులు పడిందని చెప్పినాడు. మీరు గెట్టిగా మాట్లాడతారంట గదా, వచ్చి మాట్లాడండి” అంది రాజమ్మ.

అదే కుదరదని చెప్పడానికి నాకు సిగ్గేసింది. సైన్యంలో ఇలాంటి కేసుకు జరిగేదాన్ని సమ్మరీ కోర్ట్ మార్షల్ అంటారు. యూనిట్‌లోనే జరిగే విచారణ. కమాండింగ్ ఆఫీసరే, అంటే అక్కడి కల్నలే, జడ్జి. నిందితుడు తోడుగా ఒక మనిషిని, కావాలంటే లాయరునే, తెచ్చుకోవచ్చు. ఆ మనిషిని ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’ అంటారు. ఆ ఫ్రెండు చెవిలో సలహా చెప్పవచ్చు, ప్రశ్నలు సూచించవచ్చు. సాక్షిని అడగకూడదు, కోర్టుతో మాట్లాడకూడదు. ఈ రూలు రాసిన మహానుభావుడెవరో నాలాంటి ఆడమనిషిని చూసి జడిసే రాసుంటాడు.

ముళబాగిలు మీదుగా బస్సులో ఆ డిపోకు పోయి, విచారణకు ముందే మునిరత్నాన్ని కలిశాను. ఛార్జిషీటు చదివాక ప్రాణం లేచి వచ్చింది. క్రమశిక్షణ తప్పాడని మాత్రమే రాసి ఊరుకుని ఉంటే మాకు కష్టమయ్యేది. సొంత లాభం కోసం ఎంపీ పలుకుబడి వాడుకుని తప్పాడని, రెండూ ఒకే అభియోగంగా కలిపి రాశారు. కోపంలో రాసిన ఛార్జిషీట్లంటే నాకు భలే ఇష్టం. ఒక్క ప్రశ్నతో అది కూలిపోతుంది. అయితే అడగాల్సింది అతను.

నేర్పుదామని నేనే కల్నల్ అయ్యాను. గొంతు పెంచి, నేరం ఒప్పుకుంటావా అని అడిగాను. మునిరత్నం మడమలు కలిపి నిటారుగా నిలబడి “జీ సాబ్” అన్నాడు. అక్కడ ఆ మాట అంటే సాక్షులనే పిలవరు, నేరుగా శిక్షే. మళ్లీ అడిగాను. మళ్లీ అదే.

“ఏమప్పా, తప్పు చేసినావా నువ్వు?”

“లేదు మేడం.”

“మరెందుకు ఒప్పుకుంటావు?”

“పెద్దాఫీసరు గెట్టిగా అడిగితే నోట్లో అదే వస్తాది మేడం. ఇన్నేండ్లూ అదే గదా అన్నింది.”

తిట్టాను. తిట్టే కొద్దీ ఇంకా నిటారుగా నిలబడ్డాడు. చివరికి విసిగిపోయి, ఇంత భయస్థుడివి ఆ రోజు ఎంపీ దగ్గరికి ఎట్లా పోయావని అడిగాను.

“ఆ కొండల మీద నేనూ ఉండినాను మేడం. ఆడ ఆ రొట్టె తప్ప ఇంగేమీ దొరకదు” అన్నాడు మెల్లగా.

కల్నల్ అడగగానే జవాబు చెప్పవద్దని, ముందు ఆ రొట్టెను తలచుకోమని చెప్పాను.

విచారణ రోజు కల్నల్ ఆ ప్రశ్న అడిగాడు. మునిరత్నం మడమలు కలిపాడు. నేను చీరకొంగు పిడికిట్లో నలిపేస్తున్నాను. ఊపిరి పీల్చి, “నాట్ గిల్టీ సర్” అన్నాడు. కల్నల్ నా వైపు చూశాడు, ఆ మాట నేనే అన్నట్టు.

సాక్షి అతని పై సుబేదారు. మునిరత్నం నేను నేర్పిన ప్రశ్న హిందీలో అడిగాడు: “సాబ్, నా కోసం పోస్టింగు గానీ ప్రమోషను గానీ ఎప్పుడైనా అడిగినానా?”

సుబేదారు తల అడ్డంగా ఊపాడు. లేదన్నాడు. నా పని అయిపోయింది. కూర్చోమని సైగ చేశాను. మునిరత్నం కూర్చోలేదు.

“ఆ పిండితో చేసిన రొట్టె మీరు తింటారా సాబ్?”

జవాబు అక్కర్లేదని కల్నల్ అనేలోపే సుబేదారు “తినను” అన్నాడు.

అభియోగం రుజువు కాలేదని తీర్పు. నెల తిరగకుండానే మునిరత్నాన్ని ఈశాన్య సరిహద్దుకు బదిలీ చేశారు. శిక్ష కాదట, అవసరమట. దాన్ని నేను ఆపలేకపోయాను. ఆ ఏడాది అక్కడే గడిపి, చారలతో, పెన్షనుతో ఊరికి వచ్చాడు.

చిత్తూరు బార్‌లో పెద్ద ప్లీడరొకాయన ఎగతాళి చేశాడు. “నోరు మూసుకుంటే గెలుస్తావని తెలిసింది గదమ్మా, ఇంగ అట్లే కూర్చో” అన్నాడు.

“కూర్చుంటాను సార్. మీ పార్టీల్లో అట్లా లేచి అడిగే మనిషి ఒకడుంటే చూపించండి” అన్నాను.

ఆ రెండో ప్రశ్న నాకు తట్టి ఉంటే, ప్రమాదమని కొట్టేసి ఉండేదాన్ని. కక్షిదారుకు నోరు లేదని, దాన్ని మనమే అద్దెకిస్తామని అంతదాకా నమ్మాను. ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు వాళ్లను చివరిదాకా మాట్లాడనిస్తాను. నా స్వభావానికి అది ఎంత కష్టమో మా గుమాస్తాను అడగండి.