సలోమి సిస్టర్ తెరిచిన తలుపు

ఏటా ఎండలు ముదిరే ముందు, బహ్రెయిన్‌లోని హమద్ టౌన్‌లో మేము కడుతున్న ఇళ్ల దగ్గర, కొత్తగా వచ్చినవాళ్లను నీడలో కూర్చోబెట్టి ఎండదెబ్బకు చేయాల్సిన పని ఒకటి చేసి చూపిస్తాను. ఐసు నీళ్ల బకెట్లో తువ్వాలు ముంచి, పిండకుండానే నా మెడ మీద వేసుకుంటాను. ఆ చల్లదనం వీపు మీదుగా జారేసరికి నాకు ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. వాళ్లు నవ్వుతారు. నవ్వనిస్తాను. ఆ ఒక్క క్షణం మాత్రం నేను హమద్ టౌన్‌లో ఉండను. సఖీర్‌లో ఒక కాలేజీ హెల్త్ సెంటర్‌లో, తెల్ల దుప్పటి పరిచిన మంచం మీద, నా పేరేమిటో నాకే గుర్తులేకుండా పడి ఉంటాను. అలాంటి తువ్వాలు మొదటిసారి నా మెడ మీద వేసిన మనిషి సలోమి సిస్టర్. ఆ సెంటర్‌లో నర్సు. బాపట్ల దగ్గరి ఊరు ఆవిడది. ఈ సైటులో నన్నందరూ ‘సేఫ్టీ గంగాధర్’ అంటారు. ఆ పేరు కంపెనీ ఇచ్చింది గానీ, దానికి తగ్గ మనిషిని చేసింది మాత్రం ఆవిడే.

మాది కోరుట్ల వైపు. మా దగ్గర గల్ఫ్‌లో ఎక్కడికి పోయినా దుబాయి పోయిండనే అంటారు. అలా ‘దుబాయి’ అని బయలుదేరి బహ్రెయిన్‌లో దిగాను. ఆ కాలేజీలో తోటపని కాంట్రాక్టు మా కంపెనీది. పచ్చిక కోయడం, కంచె మొక్కలు కత్తిరించడం, ఖర్జూరపు చెట్లకు నీళ్ల పైపులు సర్దడం మా పని. రెండో వేసవి, జూన్ నెల. మధ్యాహ్నపు ఎండలో బయటి పనులు ప్రభుత్వం ఆపించే రోజులు ఇంకా మొదలవలేదు. పదకొండు గంటల వేళ కత్తెర చేతిలోంచి జారిపోవడం గుర్తుంది. తర్వాతది నాతో పనిచేసే భోజన్న చెప్పగా తెలిసింది. అతనూ మరొకతనూ కలిసి నన్ను హెల్త్ సెంటర్‌కు మోసుకెళ్లారట. అది విద్యార్థులకూ కాలేజీ ఉద్యోగులకూ మాత్రమేనని, కంపెనీ మనుషుల్ని కంపెనీయే చూసుకోవాలని ముందు గదిలో కూర్చున్నాయన ఆపాడట. ఆ గొడవలో నేను “నీళ్లు గావాలె, నీళ్లు” అని గొణిగానట. లోపలి గది తలుపు తెరుచుకుంది.

“తెలుగువాళ్లా? లోపలికి తీసుకురండి. మంచం మీద పడుకోబెట్టండి” అన్నారు సిస్టర్. ముందు గదాయన మళ్లీ ఏదో అనబోతే, “రిజిస్టర్లో నా పేరు రాసుకోండి. అడిగితే నేను చెప్పుకుంటాను” అన్నారు.

చంకల్లో ఐసు, మెడ మీద తువ్వాలు, చేతికి సెలైను. నేను తేరుకునేసరికి ఎదురుగా ఒక గుండ్రటి మొహం, ముక్కు మీదకు జారిన కళ్లజోడు. యాభై ఏళ్లుంటాయి. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకు నాకు సిగ్గేసింది.

“పొద్దుటి నుంచి ఒంటికి వెళ్లావా?”

“లేదమ్మా.”

“నీళ్లు తాగావా?”

“పొద్దుగాల చాయ్ తాగిన.”

“అక్కడ నీళ్ల డబ్బా పెట్టారుగా. ఎందుకు తాగలేదు?”

చెప్పక తప్పలేదు. “ఒంటికి పోవాల్నంటే మెయిన్ గేటు దాక నడవాలెనమ్మా. పోయి వచ్చేసరికి అర్ధగంట అయితది. సూపర్‌వైజర్ ఒర్రుతడు. అందుకే మేమెవ్వలం నీళ్లు తాగం.”

ఆవిడ నా చేతి మీది ప్లాస్టరు సరిచేసి లేచి, గొడుగు తీసుకుని బయటికి వెళ్లారు. మేము పనిచేసే చోటు నుంచి గేటు దాకా నడిచి, తిరిగి నడిచి వచ్చారట. లోపలికి వచ్చేసరికి యూనిఫాం వీపంతా తడిసిపోయింది. సెంటర్ వెనక సామాను గది పక్కన వాడకంలో లేని బాత్రూమ్ ఒకటుంది. ఆ సాయంత్రమే దాని తాళం తీసి శుభ్రం చేయించారు. మర్నాటి నుంచి తోటపనివాళ్లందరికీ ఆ వెనక తలుపు తెరిచే ఉండేది. ఎవరి అనుమతీ అడగలేదని తర్వాత తెలిసింది.

ఆవిడ మెత్తటి మనిషి అనుకుంటే పొరపాటు. నాకు రెండు రోజులు విశ్రాంతి కావాలని కాగితం రాసిచ్చారు. దాన్ని జేబులో మడిచి పెట్టుకుని, సూపర్‌వైజర్‌కు భయపడి మర్నాడే డ్యూటీకి వెళ్లాను. ఎనిమిదింటికల్లా ఆవిడ కంటబడ్డాను.

“నేను రాసింది ఎవరి కోసమయ్యా? నీ జేబు కోసమా?”

“సూపర్‌వైజర్‌తోని ఎవలు కొట్లాడుతరమ్మా?”

“కొట్లాడమని ఎవరన్నారు? చెప్పమన్నాను. నాకు ఒంట్లో బాగాలేదు, ఇవాళ పని చెయ్యలేను. ఇంతే. ఏదీ, నాతో అను.”

అంత మంది విద్యార్థులు అటూ ఇటూ తిరుగుతుంటే, పచ్చిక మధ్యలో నిలబెట్టి నాతో ఆ మాట హిందీలో మూడుసార్లు అనిపించారు. మొదటిసారి నేల చూసుకుంటూ అన్నాను. “నా మొహం చూసి చెప్పు” అన్నారు. మూడోసారికి చూశాను. అక్కడి నుంచి నేరుగా వెళ్లి సూపర్‌వైజర్‌కు చెప్పాను. అతను విసుక్కున్నాడు, కాగితం చూశాడు, క్యాంపుకు పొమ్మన్నాడు. నేనెంత భయపడ్డానో అంతా అక్కడితో ఖలాస్.

ఆ తర్వాత సెంటర్ ముందు మొక్కలకు నీళ్లు పెట్టడానికి వెళ్లినప్పుడల్లా ఆవిడ ఒక్కో సంగతి చెప్పేవారు. చెమట పడుతుంటే మనిషి చాలావరకు ఇంకా తట్టుకుంటున్నట్టే. అంత ఎండలోనూ చెమట ఆగి ఒళ్లు కాలిపోతుంటే ఆలస్యం చేయకూడదు. మాట తడబడితే, ఊరి పేరు అడిగితే తప్పు చెబితే, నీళ్లు పట్టిస్తూ కూర్చోకుండా ముందు అంబులెన్స్ పిలవాలి, వచ్చేదాకా ఒళ్లు తడుపుతూ ఉండాలి. నేను చదివింది పదో తరగతే. కానీ ఆవిడ చెప్పిన ఏ మాటా మరచిపోలేదు.

మరుసటి వేసవి సెలవుల్లో ఆవిడ ఊరికి వెళ్లారు. సెంటర్ మూసి ఉంది. అప్పుడే భోజన్న కంచె మొక్కల దగ్గర ఊరికే నిలబడిపోయాడు. చెయ్యి పట్టుకుంటే పెనంలా ఉంది, చెమట చుక్క లేదు. “భోజన్నా, మీది ఏ ఊరే?” అంటే నా మొహం చూశాడు తప్ప పలకలేదు. సూపర్‌వైజర్ వచ్చి, “నాటకం. యల్లా, త్వరగా పని చెయ్యమను” అన్నాడు. నేను అతని మొహం చూసే చెప్పాను. “ఈ మనిషి పని చెయ్యలేడు. నేను అంబులెన్స్‌కు ఫోన్ చేస్తున్నా.” అతను ఇంకేదో అనేలోపే చేశాను. వాళ్లు వచ్చేదాకా నీళ్ల పైపు భోజన్న మీదే పెట్టి ఉంచాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆసుపత్రిలో డాక్టరు అన్నాడు. సూపర్‌వైజర్ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక ఉదయం తనే వచ్చి, “ఎండ ఎక్కువుంది, మనుషుల్ని చూస్తుండు” అన్నాడు.

సిస్టర్ తిరిగి వచ్చాక ఈ సంగతంతా చెప్పాను. ఆవిడ అడిగింది రెండే ప్రశ్నలు.

“ఫోన్ ఎవరు చేశారు?”

“నేనే అమ్మా.”

“భయమేసిందా?”

“మస్తు భయమైందమ్మా.”

“సర్లే. ఫోనైతే చేశావుగా” అని కళ్లజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఆవిడ ఉద్యోగం మానేసి వెళ్లే నెలలో కాలేజీవాళ్లు పెద్ద హాల్లో ఆవిడకు సన్మానం చేశారు. వేదిక ముందు పూలకుండీలు సర్దింది నేనే కాబట్టి వెనక గోడ దగ్గర నిలబడే వీలు దొరికింది. టీకాల గురించి, పరీక్షల రోజుల్లో కళ్లు తిరిగి పడిపోయిన విద్యార్థుల గురించి, ఒక్క రోజూ ఆలస్యంగా రాని నర్సు గురించి చాలామంది మాట్లాడారు. అన్నీ నిజాలే. మా సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. వాళ్లకు తెలియదు. అద్దపు ఫలకం చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా, తేటగా ఉంటుంది కాబట్టి నాకూ అర్థమైంది.

“ఇది ఇచ్చినందుకు సంతోషం. ఇంకొకటి కూడా ఇవ్వాలి. మా సెంటర్ వెనక బాత్రూమ్‌ను తోటపనివాళ్ల కోసం ఎవరినీ అడక్కుండా తెరిచాను. నా తర్వాత వచ్చే నర్సు దానికి తాళం వేయొచ్చు. అది వాళ్లదేనని కాగితం మీద రాసివ్వండి. వాళ్లు నీళ్లు తాగాలి.”

కాలేజీ పెద్దాయన నవ్వి, తర్వాత ఆలోచిద్దామన్నాడు. ఆవిడ మైకు ముందు నుంచి కదలలేదు. “నేను తర్వాత ఉండను సార్” అన్నారు. వెనక వరసల్లో ఆడపిల్లలు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. ఆయన చెయ్యెత్తి సరేనన్నాడు. వారం తిరక్కుండా ఆ తలుపు మీద అరబ్బీలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. దాని కింద సిస్టర్ తన చేత్తో తెలుగులో, హిందీలో రాసిన కాగితం అంటించారు. ఆ రోజు మేమంతా ఆవిడ ముందే గ్లాసులు నింపుకుని నీళ్లు తాగాం. ఆవిడ పడీ పడీ నవ్వారు.

తర్వాత మా కంపెనీ నన్ను సేఫ్టీ కోర్సుకు పంపి ఈ ఇళ్ల సైటులో పెట్టింది. ఇప్పుడు నలభై మంది ఒంటి బాగోగులు నా కళ్ల ముందుంటాయి. ఇంజినీర్లతో మాట్లాడేటప్పుడు నా మాట తడబడదు. “ఏం గాలేదు” అని ఎవరైనా అంటే మాత్రం నమ్మను. ఆ మాట నేనెన్నిసార్లు అన్నానో నాకు తెలుసు.

పోయిన వేసవిలో సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మల్లేశం అనే తాపీమేస్త్రీ నిచ్చెన దిగి గోడకు ఆనుకున్నాడు. నేను అటువైపు స్లాబు పని మొత్తం ఆపించాను. ఇంజినీరు కారు దిగి కోపంగా వచ్చాడు.

“ఎవరినడిగి ఆపావు?”

“ఎవరినీ అడగలేదు సార్. మనిషిని చూసి ఆపాను.”

అతను మల్లేశాన్ని చూశాడు. అందరినీ నీడలోకి పంపమని తనే చెప్పి వెళ్లాడు. నేను మల్లేశం పక్కన కూర్చున్నాను.

“ఏం గాలేదన్నా. పని చేస్త. పని తీసేస్తరా?”

“తియ్యరు. నేనున్న గదా. ఒంట్లో ఎట్లున్నదో నిజం చెప్పు.”

నా మొహం వైపు చూశాడు. తర్వాత తల దించుకుని మెల్లగా అన్నాడు.

“నిన్నట్నుంచి కండ్లు తిరుగుతున్నయన్నా. ఎవ్వలకు చెప్పాల్నో తెల్వలే.”